కన్నయ్య పేరుకు తోక

వద్దంది. ఎందుకు వద్దంది? నిన్న సాయంత్రం మా వెబ్‌సైటు పేరు గురించి, నా ఫోటో కొట్లో పనిచేసే చాందిని ఫోన్లో అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "డాట్ కామ్ డాట్ ఎస్‌జీ వద్దాంటీ. ఉత్త డాట్ కామ్ తీస్కుందాం, మంచిగుంటది" అని, పక్కన ఎవరో పిలిచినట్టు గబుక్కున పెట్టేసింది. పెట్టేసే ముందు ఇంకో మాట. "రేపు పొద్దున పాయా లేబర్‌ల కూసొని కొందాం, నేనొచ్చేదాంక ఏం నొక్కకుండ్రి." నొక్కకూడదట! కొట్టు నాది, కార్డు నాది, పేరు మా నాన్నది, నొక్కొద్దని చెప్పేది తనా! రాత్రంతా ఆ మాటే పంటి కింద రాయిలా తగులుతూ ఉంది. అందుకే చెప్పిన వేళ కంటే గంట ముందే పాయా లేబర్ వచ్చి, తిండి కొట్లన్నీ ఒక్క చోట ఉండే హాకర్ సెంటర్లో ఫ్యాన్ కింద బల్ల చూసుకుని, ఎదుటి కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడి మాటలో దాన్ని చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి ఉంచి, ట్యాబ్ తెరిచి కూర్చున్నాను. బయట వాన. నా ముందు కోపీ, ఇక్కడి కాఫీ. ఈ కోపీ కొట్టువాడు ఈ మధ్య పాలు తగ్గిస్తున్నాడు, నేను గమనించలేదనుకుంటున్నాడు.

తెర మీద బుట్టలో రెండు పేర్లున్నాయి. రెండూ ఒకటే పేరు, కన్నయ్య ఫోటోస్, తోకే వేరు. ఒకదానికి డాట్ కామ్, ఒకదానికి ఈ దేశపు తోక, డాట్ కామ్ డాట్ ఎస్‌జీ. ఇవి కాక ఆ అమ్మేవాళ్ళు డాట్ స్టూడియో అని, డాట్ ఫోటోగ్రఫీ అని, ఇంకా నోరు తిరగని తోకలు బారుగా చూపిస్తున్నారు, చీరల కొట్టులో వద్దన్నకొద్దీ పరిచినట్టు. పైగా పైన ఎర్ర అక్షరాలతో, ఈ పేరు మీద ఇతరులు కూడా ఆసక్తి చూపుతున్నారు, త్వరపడండి, అని. ఎవరయ్యా ఆ ఇతరులు? పేరాక్ రబ్బరు తోటల్లో సైకిలు మీద తిరిగి ఫోటోలు తీసిన కన్నయ్య పేరు మీద ఈ లోకంలో ఆసక్తి ఎవరికుంది, నాకు తప్ప? నాకూ, చాందినికీ తప్ప. అంటే ఈ క్షణంలో రైల్లో కూర్చుని తనూ ఇదే పేజీ చూస్తోందా? చూస్తే చూడనీ. నేనూ చూస్తున్నాను.

తేడా ఏమిటో నేను హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ముందే కనుక్కున్నాను, చాందినికి చెప్పలేదు. డాట్ కామ్ ఎవరైనా కొనుక్కోవచ్చట. ఏ దేశంలో ఉన్నా, ఏ కార్డుతోనైనా. కొనుక్కుని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. డాట్ కామ్ డాట్ ఎస్‌జీ అలా కాదు, ఇక్కడ రిజిస్టరైన కంపెనీ ఉండాలి, ఇక్కడి మనిషి సింగ్‌పాస్‌తో, అదే ఫోన్లో ఉండే సర్కారు గుర్తింపుతో, నేనేనని నిరూపించుకోవాలి. కంపెనీ నా ఒక్కదాని పేరు మీద ఉంది. మరి ఆ రెండో తోక వద్దంటే ఏమిటి అర్థం? నిప్పు లేనిదే పొగ రాదు. ఆ పిల్ల వెళ్ళిపోతోంది. మొగుడికి వన్-నార్త్‌ ల్యాబుల్లో పరిశోధన కాంట్రాక్టు అయిపోవచ్చిందని పోయిన చైనీస్ న్యూ ఇయర్‌కే విన్నాను. హైదరాబాదుకో, ఆస్ట్రేలియాకో సామాను సర్దుకుంటారు. సామానుతో పాటు మా నాన్న పేరు కూడా సర్దుకుంటుంది. అక్కడొక గది అద్దెకు తీసుకుని కన్నయ్య ఫోటోస్ డాట్ కామ్ అంటుంది. కన్నయ్య ఎవరమ్మా అని ఎవరైనా అడిగితే మా తాతయ్య అని చెప్పినా చెబుతుంది. నేనిక్కడ తోక పట్టుకుని కూర్చోవాలి.

మా నాన్నను అది చూడనైనా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, అది వేరే సంగతి. సైకిలు వెనక పెట్టె, పెట్టెలో కెమెరా, నల్లగుడ్డ, ఒక దువ్వెన, పౌడరు డబ్బా, రెండు మెడ టైలు. తోట కూలీలకు జీతాలిచ్చే రోజున లయాల దగ్గర, అంటే కూలీల ఇళ్ళ వరసల దగ్గర, తెర కట్టేవాడు. నేను అద్దం పట్టుకుని ఎండ వాళ్ళ ముఖాల మీదికి తిప్పేదాన్ని. ఒక కుటుంబమంతా తలకు నూనె పెట్టుకుని వచ్చి నిలబడితే నాన్న వాళ్ళు వినకుండా నాతో అనేవాడు, "ఏటనుకున్నావు, ఊరికే తీయించుకుంటారేటి పోటో? ఎవులో ఎల్లిపోతన్నారన్నమాటే." నేను ఎవరు నాన్నా అంటే, "నువ్వే చూసి చెప్పు" అనేవాడు. నాకు తెలిసేది కాదు. కొత్త చొక్కా వేసుకున్నవాడనుకునేదాన్ని, ఏడుస్తున్న తల్లి పక్కనున్నవాడనుకునేదాన్ని. తప్పు. అప్పుడు చెప్పాడు. "ఉండిపోయేవోలు కెమెరాకేసి చూస్తారే. ఎల్లిపోయేవోడు కెమెరాకేసి చూడడు. ఆ ఉండిపోయేవోలకేసి చూస్తాడు." ఇన్నేళ్ళూ ఆ మాట తప్పలేదు. నేను ఈ ఊరొచ్చి కొట్టు పెట్టాక, సైన్యానికి వెళ్ళే కొడుకులున్న ఇళ్ళవాళ్ళు, లండన్ చదువుల పిల్లలు, ఆసుపత్రి తారీఖు దగ్గర పడ్డ తాతలు, ఎంతమంది వచ్చి నా దీపాల కింద నిలబడ్డారో, వెళ్ళేది ఎవరో నేను లెన్సులోంచి చూసి ఇట్టే చెప్పేయగలను. పైకి చెప్పను. నేను తోట వదిలి దక్షిణానికి బయల్దేరిన రోజున నాన్న నన్నూ అమ్మనూ తమ్ముణ్ణీ నిలబెట్టి తీశాడు. ఆ ఫోటోలో నేనెటు చూశానో నేనెప్పుడూ చూసుకోలేదు. తమ్ముడింట్లో ఉంది, వెళ్ళినప్పుడల్లా ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను.

ఇప్పుడు చెప్పండి. పోయిన వారం చాందిని ఏమడిగిందో. "ఆంటీ, వెబ్‌సైట్‌ల మన గురించి అని ఒక పేజీ ఉంటది. దానికి మనిద్దరిదీ ఒక ఫోటో దిగుదాం." ఏడేళ్ళ నుంచి పక్కపక్కనే పనిచేస్తున్నాం, ఒక్కనాడూ అడగలేదు. నాకు ఫోటో దిగడం ఇష్టముండదని దానికి తెలుసు. ఉన్నట్టుండి ఇప్పుడెందుకు? ఫోటో ఊరికే ఎవరు దిగుతారు? చూద్దాంలే, జుట్టుకు రంగు వేయించుకోవాలి, అని తప్పించాను. ఆ రోజు నుంచి కళ్ళు తెరుచుకుని ఉన్నాను. ఇంట్లో సోఫా అమ్మేసిందట. ఎందుకమ్మా అంటే, పిల్లాడికి బల్ల వేయాలి, చోటు లేదంది. పాత పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించుకుంది. ఎందుకంటే, ఒక్క దగ్గరే ఉంటే పోతాయంది. దాని దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి, అదే నా అనుమానం. నిజం చెప్పేవాళ్ళు కాస్త తడబడతారు. మొన్న వాళ్ళాయన కొట్టుకొచ్చి ఏదో మెల్లగా మాట్లాడుతున్నాడు, నేను కర్టెన్ తీసేసరికి ఇద్దరూ చప్పున ఆపేసి నా వంక చూశారు. జాలిగా చూశారు. నా మీద జాలి ఎందుకు పడాలి? జాలి పడేది మోసం చేసేవాళ్ళే.

"ఆంటీ, సీట్ గాట్ పీపుల్ ఆ?" అంటూ పళ్ళెం పట్టుకుని ఒక పెద్దాయన. ఈ కుర్చీకి మనిషి ఉన్నారా అని. "గాట్, గాట్" అన్నాను. ఆయన టిష్యూ ప్యాకెట్ వంక, నా వంక చూసి, ఇంతసేపు ఎవరూ రాలేదే అన్నట్టు తల ఊపి వెళ్ళాడు. వస్తుందయ్యా, వస్తుంది. రాకపోతే మాత్రం? ఒకవేళ రాదా? నాకు కోపీ దగ్గర కాలక్షేపం చూపించి అది ఇంటి దగ్గర కూర్చుని కొనేసుకుంటోందా? కాదు, బుట్టలో ఇంకా రెండూ ఉన్నాయి. రెండూ దొరుకుతున్నాయనే చెబుతోంది. ఈ పేజీ మాటేమిటి నమ్మేది.

మొదటిసారి వచ్చినప్పుడు కూడా దాన్ని నేను నమ్మలేదు. చంకలో పసివాడు, పాస్‌పోర్ట్ ఫోటోకి. వాడు కళ్ళు తెరవడు. నేను గిలక ఊపుతున్నాను, చప్పట్లు కొడుతున్నాను. అది కాసేపు చూసి, "ఆంటీ, ఏమనుకోకుండ్రి, ఆ లైట్ బంద్ చెయ్యిండ్రి, కండ్లల్ల పడుతున్నది" అంది. నా కొట్లో నాకు లైటు సంగతి చెబుతోంది! విసుక్కుంటూ ఆర్పాను. తెల్లగుడ్డ నేల మీద పరిచి, వాణ్ణి పడుకోబెట్టి, కిటికీ వైపు తిప్పింది. వాడు బుల్లి కళ్ళు రెండూ విప్పి నా వైపే చూశాడు. మా నాన్న అద్దం పట్టించింది గుర్తొచ్చింది నాకు. మర్నాటి నుంచి రమ్మన్నాను. అది వచ్చాకే పసిపిల్లల ఫోటోలు మొదలయ్యాయి, తెలుగువాళ్ళ ఓణీల ఫంక్షన్లు వచ్చాయి, రాఫెల్స్ ప్లేస్ బ్యాంకుల వాళ్ళు కోట్లు వేసుకుని వరసకట్టారు. అది లేకపోతే కొట్టు ఎప్పుడో మూసేదాన్ని, ఆ మాట ఎవరితోనూ అనను గాని. అందుకే కదా మండుతోంది. పరాయివాళ్ళు పోతే పోనీ అనుకోవచ్చు. నేను పెళ్ళి చేసుకోలేదు, చేసుకుంటే ఇంకొకర్ని అనుమానించాల్సి వచ్చేది. ఈ పిల్లను మాత్రం దగ్గరకు రానిచ్చాను.

ఫోను టంగుమంది. చాందిని అనుకున్నాను. కాదు, జోహోర్ నుంచి భరత్, తమ్ముడి కొడుకు. రెండు టైల్స్ ఫోటోలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమ రంగు. "అత్తా, వంటింటికి ఏది? మేస్త్రి అడుగుతున్నాడు లా." ఫోను బోర్లా పెట్టేశాను. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది వేరే సంగతి. తమ్ముడు ఇల్లు కట్టుకుంటూ పైన నాకొక వాటా వేస్తానన్నాడు, సరేనన్నాను, మనిషికి పెద్దతనంలో నీడ ఉండొద్దా? మోకాళ్ళు ముందులా లేవు. మా కొట్టున్న మాల్ వాళ్ళు లీజు మళ్ళీ రాస్తారా అంటే రాయనని చెప్పాను, అంతే. దీపావళి దాకా ఉంటుంది. చాందినికి చెప్పలేదు. చెప్పలేదంటే దాచానని కాదు, చెప్పే వేళ రాలేదు. ఇప్పుడు చెబితే అది కంగారుపడి వేరే పని చూసుకుంటుంది, ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఎవరు తీస్తారు? దాని మంచికే చెప్పలేదు. వెబ్‌సైటు కూడా అది గోల పెడితేనే ఒప్పుకున్నాను. నేనుండేది కొన్నాళ్ళే అయినా నాన్న పేరు ఒక చోట నిలబడి ఉంటుంది కదా అని. నేను వెళ్ళేది కాజ్‌వే వంతెన దాటి అవతలి జోహోర్‌కి, బస్సెక్కితే వచ్చేయొచ్చు. దాన్ని వెళ్ళిపోవడమంటారా? అది విమానమెక్కి పోవడం వేరు. నేను ఇంటికి పోవడం వేరు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఏమిటిది, ఎవరు అడిగారని ఇన్ని సంజాయిషీలు! అడిగింది టైల్స్ గురించి. గోధుమ రంగు అని పంపేశాను. పంపేసి, అదే చేత్తో, ట్యాబ్ మీద డాట్ కామ్‌ను బుట్టలోంచి తీసేశాను. అది వచ్చేలోపల పని అయిపోవాలి. డాట్ కామ్ డాట్ ఎస్‌జీ. కంపెనీ నంబరు వేశాను, కార్డు వేశాను, నొక్కాను. ఏమీ నొక్కకండి అంది కదా, నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, ధన్యవాదాలు అంది. నాన్న పేరు ఈ గడ్డకు మేకు కొట్టినట్టయింది, ఇక దాన్ని ఏ సూట్‌కేసులోనూ పెట్టలేరు. నాకు సంతోషం రావాలి. కోపీ చల్లారిపోయి చేదుగా ఉంది.

ఇంకొక్కటే మిగిలింది, సింగ్‌పాస్‌తో ధృవీకరించడం. మెయిల్లో లింకు వచ్చింది, నొక్కితే ఫోను నా ముఖం అడిగింది. అద్దాలు తీయండి, దగ్గరికి రండి, వెలుతురులో ఉండండి. ఇన్నేళ్ళు నేను అందరికీ చెప్పిన మాటలు నాకు చెబుతోంది. గుండ్రటి గీతలో నా ముఖం. ఇంత పెద్దదాన్నయ్యానా? మెడ దగ్గర చర్మం వేలాడుతోంది, నాన్నకూ ఇలాగే ఉండేది. కదలకుండా చూడండి అంటోంది, నా కళ్ళేమో నిలవడం లేదు. ఫోను మీదుగా, టిష్యూ ప్యాకెట్ ఉన్న ఖాళీ కుర్చీ మీదుగా, మెట్ల వైపు పోతున్నాయి. మెట్ల మీద తడిసిన గొడుగు మడుస్తూ చాందిని వస్తోంది.

చప్పున ఫోను దించేశాను. దొంగకు తేలు కుట్టినట్టయింది. తను వచ్చి, టిష్యూ ప్యాకెట్ తీసి, దాంతోనే ముఖం తుడుచుకుంటూ కూర్చుంది. భుజాన కెమెరా సంచి ఉంది. ఎందుకు తెచ్చినట్టు?

"కొనేసిన్రా ఆంటీ?"

తన ఫోను నా వైపు తిప్పింది. స్టూడియో మెయిల్! అది ఇద్దరి ఫోన్లకూ వస్తుందన్న సంగతే నాకు తట్టలేదు. ఇంతసేపూ కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా, ఎవరూ చూడడం లేదనుకుని కూర్చున్నాను. సరే, దొరికిపోయాక ఇక మొహమాటమెందుకని ఎదురుతిరిగాను. "అవును కొన్నాను. అది ఇక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. నువ్వెందుకు వద్దన్నావో నాకు తెలీదనుకున్నావా?"

చాందిని కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండు. మొన్న కర్టెన్ దగ్గర చూసినట్టే చూసింది. "కంపెనీ మూస్తే అది పోతది కదా ఆంటీ" అంది మెల్లగా. "లీజు సంగతి నాకెర్కే. మాల్ ఆఫీస్ల చెప్పిన్రు. కొత్తోళ్ళు మన షాప్ చూడనీకి ఎప్పుడొస్తే మంచిదని నన్నే అడిగిన్రు. మీరు చెప్తరేమో అని చూసిన. చెప్తలేరు. సరే, మీ ఇష్టం. కానీ డాట్ కామ్ అయితే మీరు జోహోర్ల ఉన్నా మీ పేరు మీదనే ఉంటది. తాత పేరు మీతోని తీస్కపోవచ్చు. గందుకే అన్న."

హాకర్ సెంటర్ గోలంతా ఒక్కసారి దూరమైనట్టనిపించింది. పట్టుకుపోవడానికి వీలైన తోక నా కోసం అడిగింది. రాత్రంతా ఒక్కో ముక్కా ఏరి నేను కట్టిన కథలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, వెళ్ళిపోయే మనిషి ఒక్కటే తప్పు. "మరి మీ ఆయన కాంట్రాక్టు?" అని అడిగాను, ఇంకా ఏదైనా దొరుకుతుందేమోనని, సిగ్గులేకుండా. "ఇంకో మూడేండ్లు పెంచిన్రు. పిల్లగాని స్కూలు ఈడ్నే. మేమేడికి పోతం?" అంది. తర్వాత కిందికి చూస్తూ, "షాప్ లేకపోతే నేనేం చెయ్యాల్నో ఇంకా ఆలోచన చేస్తలేను" అంది. నేను ఆలోచించింది ఒప్పుకున్న పెళ్ళిళ్ళ గురించి. మోకాళ్ళ గురించి. గోధుమ రంగు టైల్స్ గురించి.

ట్యాబ్ దగ్గరికి లాక్కున్నాను. డాట్ కామ్‌ను మళ్ళీ బుట్టలో వేశాను. ఎర్ర అక్షరాలు మళ్ళీ త్వరపడమన్నాయి, ఈసారి త్వరపడ్డాను. యజమాని పేరు అన్న గడిలో చాందిని పేరు కొట్టడం మొదలుపెట్టాను. "ఆంటీ, ఇదేంది, మీది రాయాలె!" అని నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో పిల్లా. మోకాళ్ళ నొప్పులదాన్ని, జోహోర్ మేడ మీద కూర్చుని నేనెవరికి ఫోటోలు తీస్తాను? నాన్న పేరు గోడకు తగిలించుకోడానికి కాదు, పనిచేయడానికి" అని విదిలించుకుని కొట్టేశాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నొక్కాను. ఆ మొదటిదాన్ని ధృవీకరించకపోతే అదే రద్దయిపోతుంది, పోనీ. పక్క బల్ల దగ్గర ఇందాకటి పెద్దాయన తింటూ తింటూ మా వంక చూస్తున్నాడు, చూడనీ.

"కెమెరా ఎందుకు తెచ్చావు?" అన్నాను. ముక్కు ఎగబీల్చి, "ఫోటో దిగుదామన్న కదా. మీరు పోయినంక ఎట్ల?" అంది. ఇక తప్పించుకోలేదు. కెమెరాను కోపీ కప్పు పక్కన సంచి మీద ఒరగబెట్టి, టైమరు పెట్టి ఎర్రదీపం వెలిగించి, వచ్చి నా పక్కన చేరింది. తడి జుట్టు నా భుజానికి తగులుతోంది. మా వెనక మనుషులు పళ్ళేలు పట్టుకుని తిరుగుతున్నారు, వాన వెలుతురు ఒక పక్క నుంచి మెత్తగా పడుతోంది, దానికి ఇష్టమైన వెలుతురు. దీపం ఆరి ఆరి వెలుగుతోంది. కెమెరాకేసి చూడాలి, చూడాలి, అనుకుంటున్నాను. క్లిక్కుమంది.

చాందిని తీసి చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, మీరు కెమెరా దిక్కు చూడలే ఆంటీ, నా దిక్కు చూసిన్రు. మల్ల దిగుదాం."

చేతిలోకి తీసుకున్నాను. చిన్న తెర మీద తను నిటారుగా లెన్సులోకి చూస్తోంది. పక్కన ఒక ముసలామె, తల కాస్త తిప్పి, చాందిని వంకే చూస్తోంది.

"వద్దు. సరిగ్గానే వచ్చింది" అన్నాను. "ఇదే పెట్టు."